పదిహేడో నంబరు వంతు

మా మేనత్త ఆసుపత్రి దుప్పట్ల స్టోరులో ముప్పై రెండేళ్ళు పనిచేసింది. నడుముకి ఎప్పుడూ తాళంచెవుల గుత్తి వేలాడుతుండేది కాబట్టి వార్డుల్లో అందరూ ఆమెను తాళాలమ్మ అనేవారు. రిటైరైన రోజు సభలో, మైకు దొరికిన ఆనందంలో సూపరింటెండెంటు ఒళ్ళు మరిచి, "ఈవిడ చేసిన పనల్లా ఒక్కటే, తాళం తీయడం, తాళం వేయడం. ఆ గుత్తి ఎవరి చేతికిచ్చినా చేసేస్తారు" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. వాళ్ళ నవ్వుని అత్తయ్య లెక్కచేయలేదు. కానీ ముందు వరసలో కూర్చున్న మావయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు ఆమె మనసులో గుచ్చుకుని ఉండిపోయింది.

వారం తిరక్కుండా నాకు పిలుపు వచ్చింది.

"ఒరేయ్, తాళంచెవి లేకుండా తాళం తీసే పనిముట్లు అమ్ముతారటగా. సరదాకి నేర్చుకునేవాళ్ళు కూడా ఉన్నారట. నాకో సెట్టు చూసిపెట్టు. చవగ్గా ఉండాలి."

"ఈ వయసులో ఎందుకత్తయ్యా?"

"గుత్తి లేకుండా తాళం తీసి మీ మావయ్యకి చూపిస్తాను. అప్పుడు నవ్వమను, చూద్దాం."

మావయ్య పోస్టాఫీసులో చేసి రిటైరైనవాడు. పేపరు పట్టుకున్నాడంటే ఇల్లు అంటుకున్నా ఆ పేజీ అయ్యాకే లేస్తాడు. "చుట్టుపక్కలవాళ్ళు మనం దొంగల బడి పెట్టామనుకుంటారు" అని మాత్రం అన్నాడు, అది కూడా పేపరు దించకుండానే. తన సొంత తాళం తప్ప పరాయి తాళం ముట్టనని అత్తయ్య అప్పటికప్పుడు ప్రకటించింది.

ముందు మా వీధి చివర తాళాలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళాం. ఆయన ఆకురాయి పక్కన పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, చాలా మర్యాదగా చెప్పాడు.

"కొత్తగా నేర్చుకునేవాళ్ళకి రెండు కొక్కేలు, తాళాన్ని కొంచెం తిప్పి పట్టుకోడానికి ఓ వంపు కడ్డీ, లోపల నాలుగు పిన్నులుండే మామూలు తాళం. ఇంతే అమ్మా. ఉక్కు మంచిదై ఉండాలి గానీ ఎక్కువ ముక్కలు దేనికి?"

ఇంత చక్కటి సలహా విన్నాక కూడా మనిషి తప్పు చేయగలడంటే, ఆ మనిషి మా వంశంలో పుట్టి ఉండాలి. ఫోన్లో నేను ఐదు ముక్కల లాక్ పిక్ సెట్టు ఒకటి చూపించాను. గట్టి ఉక్కు, కొన్నవాళ్ళందరూ మెచ్చుకున్నది. దాని కిందే, అదే ధరకి, ఇరవై నాలుగు రకాల పుల్లల సెట్టు మెరుస్తూ కనిపించింది.

"అదే రేటుకి ఇరవై నాలుగు వస్తుంటే ఐదు కొంటావట్రా? స్టోరు నీకప్పగించి ఉంటే రోగులందరూ కటిక నేల మీద పడుకునేవాళ్ళు" అంది అత్తయ్య. ఇరవై నాలుగూ వచ్చాయి, వాటితో ఓ వంపు కడ్డీ, వీధి చివరాయన దగ్గర కొన్న నాలుగు పిన్నుల తాళం కూడా.

అంతటితో ఆగితే బాగుండేది. స్టోరులో ప్రతి దుప్పటి అంచు మీదా ఎర్రదారంతో నంబరు కుట్టి, వంతులవారీగా వార్డులకు పంపేది ఆమె. అన్నీ సమంగా అరగాలి, ఒకటి చిరుగుతుంటే ఇంకొకటి బీరువాలో కొత్తగా ఉండకూడదు. లాక్ పిక్‌లకూ అదే చట్టం వర్తించింది. ప్రతి పుల్లకీ ఎర్రదారం, దానికో నంబరు చీటీ. రోజుకొక్కటే వంతు. తాళం తెరుచుకున్నా తెరుచుకోకపోయినా మర్నాడు తర్వాతి నంబరే.

మొదటి ముక్క మొనలో గుండ్రటి బొడిపె ఉంది. అది పిన్నులకి తగలనే లేదు. మూడోది వంగిపోయింది. "కండెం" అని దాన్ని ఓ డబ్బాలో వేసింది. ఆసుపత్రిలో పనికిరాని దుప్పట్లకి వేసే ముద్ర అది. నాలుగో రోజు మంచి కొక్కెం వచ్చింది. నాలుగు పిన్నుల్లో మూడు లేచి నిలబడ్డాయి. ఇంతలో అన్నానికి వేళైంది, ఆ పుల్ల సంచీలోకి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"అత్తయ్యా, నీకు దణ్ణం పెడతాను. ఇది బాగా పనిచేస్తోంది, దీన్నే వాడు."

"పనిచేస్తోందని పనంతా దాని మీదే పడేస్తే ముందదే పోతుందిరా. స్టోరులో నా విషయంలో అదే జరిగింది" అంది.

పదో రోజు ఆదివారం. మావయ్యని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది. ఆ రోజు వంతు రంపం పళ్ళలాంటి పుల్లది, అది లోపల ఇరుక్కుంది. మావయ్య రెండు నిమిషాలు చూసి, "అయ్యాక పిలువు" అని లేచిపోయాడు. అత్తయ్య తాళాన్ని కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. నాకు మావయ్య మీద ఒళ్ళు మండింది.

పదిహేడో రోజు మళ్ళీ ఆదివారం. వంతు చూశాను, మొన త్రికోణంగా ఉన్న, తుప్పుపట్టడం మొదలైన పుల్లది. ఇంకోసారి ఆమె చిన్నబోవడం చూడలేక, ఆమె వంటింట్లో ఉండగా సంచీ విప్పాను. పదిహేడో నంబరు దారం ఊడదీసి ఆ మంచి కొక్కేనికి కట్టాను. కొక్కేనికున్న నాలుగో నంబరు ఆ తుప్పు పుల్లకి కట్టేశాను. పుణ్యం చేశాననే అనుకున్నాను.

మావయ్య పేపరుతో సహా వచ్చి కూర్చున్నాడు. అత్తయ్య పుల్ల తీసింది. బొటనవేలు దారం మీద పడగానే ఆగిపోయింది. పుల్లకేసి చూడను కూడా లేదు.

"ఈ ముడి నాది కాదు" అంది.

నేను ఫ్యానుకేసి చూశాను. ఆమె వేలు పుల్ల మొన దాకా జారింది.

"నాలుగోది తెచ్చి పదిహేడులో పెట్టావు. సిగ్గులేదట్రా?"

మావయ్య పేపరు దించాడు. "ఇరవై నాలుగింట్లో ముడి తడిమి కనిపెట్టేశావా?"

"స్టోరులో మూడు వేల దుప్పట్లండీ. మంచిది దాచుకుని, చిరిగినదానికి దాని నంబరు కుట్టి తిప్పి పంపేవాళ్ళు ప్రతి వార్డులోనూ ఉండేవాళ్ళు. ముడి చూసే పట్టుకునేదాన్ని. లేకపోతే ఆపరేషనైన వాళ్ళకి చిరుగుపాతలు మిగిలేవి."

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరెప్పుడడిగారు?"

మావయ్య పేపరు మడిచి కింద పెట్టాడు. అత్తయ్య నా ముళ్ళు విప్పేసి, అసలైన పదిహేడుకి దాని దారం కట్టి, తాళం చేతిలోకి తీసుకుంది. ఎడమచేత్తో వంపు కడ్డీని నొక్కీ నొక్కనట్టు పట్టుకుంది. కుడిచేత్తో పిన్నులను ఒక్కొక్కటే వెతికింది. పదహారు రోజులు పనికిమాలిన పుల్లలతో కుస్తీ పట్టిన వేళ్ళు కదా, ఎక్కడ ఎంత నొక్కాలో వాటికి తెలిసిపోయినట్టుంది. రెండుసార్లు జారింది. పావుగంట దాటినా మావయ్య కుర్చీలోంచి కదల్లేదు. టక్కుమని తాళం తెరుచుకుంది.

నేను ఎగిరి గంతేశాను. అత్తయ్య మాత్రం నాకేసి చూడకుండా మావయ్య మొహంలోకే చూస్తోంది.

మావయ్య చెయ్యి చాచి ఆ తాళం తీసుకున్నాడు. నొక్కి మళ్ళీ వేసేసి, ఆమె చేతిలో పెట్టి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఇంకోసారి తియ్యి. ఇందాక నీ చేతులు చూస్తూ తాళం సంగతే మర్చిపోయాను."