మామా నీమా బేరం

నా ఉద్యోగ విరమణకు ఐదేళ్ళ ముందు, ఒక మార్చి నెలాఖరున, విశ్వవిద్యాలయం నన్ను పరీక్షల విభాగం నుంచి విదేశీ విద్యార్థుల విభాగానికి బదిలీ చేసింది. బదిలీతో పాటు సూపరింటెండెంట్ హోదా పోయి అసిస్టెంట్ రిజిస్ట్రార్ హోదా వచ్చింది. పరీక్షల విభాగంలో నా పని జవాబు పత్రాల కట్టలకు కాపలా ఉండటం. అక్కడ ఎవరితోనూ మాట్లాడకపోవడమే సమర్థత. కొత్త చోట మాట్లాడటమే పని. ఇతర దేశాల నుంచి చదువుకోవడానికి వచ్చేవారి దరఖాస్తులు చూడాలి. వాళ్ళ చదువు మన డిగ్రీకి సమానమో కాదో తేల్చే కమిటీ ముందు పెట్టాలి. సమానమని తేలితే తాత్కాలిక ప్రవేశ పత్రం ఇవ్వాలి. ఆ పత్రం చూపిస్తేనే వాళ్ళకు వీసా. విద్యార్థి ఇక్కడికి వచ్చి అసలు సర్టిఫికెట్లు చూపించాక 'తాత్కాలిక' అన్న మాట తొలగిస్తాం.

ఈ పనికి నన్నే ఎందుకు ఎంచారో ఎవరూ చెప్పలేదు. నేను ఊహించగలను. మౌలాలిలో మాది స్టీలు సామాన్ల దుకాణం. నాన్న గల్లా దగ్గర, అమ్మ గిన్నెల దగ్గర ఉంటే, నేను ఆ గిన్నెల మధ్య పెరిగాను. అలా పెరిగిన మనిషికి బేరం ఆడకుండా ఉండటం చేతకాదు. డాక్టరు వారం రోజుల మందు రాస్తే ఐదు రోజులకు ఒప్పుకోమని అడిగిన చరిత్ర నాకుంది. ఈ సంగతి మా పరిపాలనా భవనంలో లిఫ్టు నడిపే మనిషికి కూడా తెలుసు.

చేరిన వారంలోనే మా డైరెక్టర్ పిలిచారు. ఆయన భూగోళశాస్త్ర ఆచార్యులు, భాస్కర్ గారు. డైరెక్టర్ పదవి అదనపు బాధ్యత.

"మేడం, మే నెలల దారెస్సలాంల విద్యా మేళా ఉన్నది. మనిద్దరం పోతున్నం. పాస్‌పోర్ట్ ఉన్నదా?"

లేదన్నాను.

"అయితే గదే మీ మొదటి ఫైలు."

దారెస్సలాం టాంజానియాలో సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద నగరం. ఒక హోటల్ హాలులో నానా దేశాల విశ్వవిద్యాలయాలకూ తలా ఒక స్టాల్ ఇచ్చారు. మా పక్కవాళ్ళకు గోడంత తెర, దాని మీద కదిలే బొమ్మలు. మాకు ఒక బల్ల, రెండు కుర్చీలు, కరపత్రాల కట్ట. బల్ల వెనక కూర్చుని, వచ్చినవారికి కరపత్రం ఇచ్చి చిరునవ్వు నవ్వాలని భాస్కర్ గారు ప్రణాళిక చెప్పారు. మధ్యాహ్నం దాకా నవ్వాం. దవడలు నొప్పి పుట్టాయి గానీ ఎవరూ ఆగలేదు.

ఇక నాకు ఓపిక పోయింది. అడ్డంగా బల్ల ఉన్న కొట్టులోకి ఎవరూ ఎక్కరు. బల్లను వెనక గోడకు జరిపాను. కుర్చీలు ముందుకు లాగి, పక్క స్టాల్ వాళ్ళను అడిగి ఇంకో రెండు తెచ్చాను. హోటల్ కుర్రాడి చేత నీళ్ళ సీసాలు పెట్టించి, దారిన పోయే తల్లులను రండమ్మా కూర్చోండి అని నాకొచ్చిన ఇంగ్లీషులో పిలవడం మొదలుపెట్టాను. భాస్కర్ గారు కొంచెం దూరంగా వెళ్ళి నిలబడ్డారు. నేను ఎవరో తెలియనట్టు నిలబడ్డారని ఇప్పటికీ నా అనుమానం.

జనం కూర్చున్నారు. నీళ్ళు తాగారు. కరపత్రంలో మా పాత రాతి భవనం బొమ్మ చూసి అబ్బ అన్నారు, వెళ్ళిపోయారు. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. మా దుకాణంలో కూడా గిన్నె బాగుందని మెచ్చుకున్నవాళ్ళు కొనేవాళ్ళు కాదు. తిరగేసి, వేలితో కొట్టి, అంచు మీద సొట్ట ఉందని పోట్లాడినవాళ్ళే కొనేవాళ్ళు.

రెండో రోజు అలాంటి మనిషి వచ్చింది. వెడల్పైన భుజాలు, పెద్ద పెద్ద పువ్వుల అచ్చు బట్టలు, వెనకాల కళ్ళజోడు పెట్టుకున్న కూతురు. అక్కడ తల్లిని మొదటి బిడ్డ పేరుతో పిలుస్తారు. కూతురు నీమా కనుక ఆమె మామా నీమా, అంటే నీమా అమ్మ. బజారులో ఆమెది బట్టల కొట్టు. ఆ సంగతి ఆమె చెప్పకముందే తెలిసింది. కరపత్రంలో బొమ్మ వైపు కూడా చూడకుండా, ఆ కాగితాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసింది.

నీమాకు మా దగ్గర భూగోళశాస్త్రంలో ఎమ్మెస్సీ చెయ్యాలని ఉంది. మార్కులు బాగున్నాయి. తల్లి ఒప్పుకోవడమే మిగిలింది. తల్లి వచ్చీరాని ఇంగ్లీషులో ప్రశ్నలు వేసింది. హాస్టల్‌లో నీళ్ళు రోజంతా వస్తాయా? గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది? జ్వరం వస్తే ఎవరు తీసుకెళ్తారు? టమాటాలు ఎక్కడ కొనుక్కుంటుంది? నేను తెలిసినవి చెప్పాను. నీళ్ళు రోజంతా రావని కూడా చెప్పాను. ఆమె తల పంకించింది.

చివరికి, "సరే, దీని మీద న్యోంగెజా ఏమిస్తావ్?" అంది.

అదేమిటని నీమాను అడిగాను. సరుకు తూచాక పైన ఇంకొంచెం వేస్తారు కదా, అదట. కొసరు! సముద్రం దాటి వచ్చినా నన్ను కొసరు అడిగే మనిషి దొరికింది. లోపల ఎంత సంతోషించినా, పైకి ముఖం గంభీరంగా పెట్టి విశ్వవిద్యాలయానికి అలాంటి ఆనవాయితీ లేదన్నాను. ఆమె లేచి, కూతురి చెయ్యి పట్టుకుని నడిచింది.

ఇది నాకు తెలిసిన ఎత్తే. నాలుగడుగులు వేసి వెనక్కి పిలుస్తారేమోనని నెమ్మదిగా నడుస్తారు. నేను పిలవలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆమె నడక తగ్గలేదు. మూడు స్టాళ్ళు దాటింది, గుమ్మం దాటింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, కదిలే బొమ్మల తెరల ముందు నుంచి పరుగెత్తి మెట్ల దగ్గర అందుకున్నాను. ఆవిడ రొప్పు కూడా లేకుండా నా వైపు తిరిగి నవ్వింది. ఆ బేరంలో నేను ఓడిపోయాను. అంత మంచి బేరగత్తె చేతిలో ఓడినందుకు పెద్దగా బాధ పడలేదు.

ఆమె అడిగిన కొసరు ఇది. సరుకు చూడకుండా ఆమె ఎన్నడూ కొనలేదు. జులైలో తానే కూతురితో హైదరాబాద్ వచ్చి చూస్తుంది. నచ్చితే చేరుస్తుంది, నచ్చకపోతే వెంట తీసుకుపోతుంది. అంతవరకు ఆ సీటు ఇంకెవరికీ ఇవ్వకూడదు.

మా నిబంధన ప్రకారం ప్రవేశ పత్రం అందిన నెలలోగా చేరతామని ఖాయం చెయ్యాలి. లేకపోతే సీటు నిరీక్షణ జాబితాలో తరువాతి వారికి పోతుంది. భాస్కర్ గారు తల పట్టుకున్నారు.

"రూల్ చదివిన్రా మేడం?"

"చదివిన సార్. గడువు పెంచే అధికారం డైరెక్టర్‌కు ఉన్నది. మూడో పేరా."

"అంటే నాకా?"

"మీకే సార్."

"గా సంగతి నాకే తెల్వది. సీటు నా డిపార్ట్‌మెంట్‌ది. గామె వచ్చి చూసి వద్దని పోతే జాబితాల ఉన్న పిల్లలకు నేనేం చెప్పాలె? నన్ను వీసీ గారు అడుగుతరు. నేను మిమ్ముల అడుగుత."

గడువు పెంచారు. కొత్త ఉద్యోగంలో నా మొదటి ప్రతిపాదన అది.

జులైలో తల్లీకూతుళ్ళు వచ్చారు. క్యాంపస్ అతిథిగృహంలో గది ఇప్పించాను. మరుసటి రోజు పొద్దుటి నుంచి తిప్పాను. పాత రాతి భవనం, గ్రంథాలయం, భూగోళశాస్త్ర విభాగంలో పటాల గది, హాస్టల్. నీమా పటాల గదిలోంచి బయటికి రానంది. మామా నీమా మాత్రం ప్రతిదానికీ తల ఊపింది, బాగుంది బాగుంది అంది. ఆ 'బాగుంది' వినేకొద్దీ నాకు నమ్మకం తగ్గుతూ వచ్చింది. గిన్నె తిరగేయడం మానేసిన కొనుగోలుదారు ఎటు వెళ్తాడో నాకు తెలుసు.

సాయంత్రం తార్నాక వైపు నడిచాం. నీమా ముందు, మేమిద్దరం వెనక. అప్పుడు మామా నీమా చెప్పింది.

"మీ చోటు మంచిదే. నా పిల్లతోనే భయం. ఇది పటాలు చదువుతుంది, మనుషుల్ని చదవదు. ఎవరెంత చెబితే అంత ఇచ్చేస్తుంది. నా కొట్టులోనే దీన్ని కూర్చోబెట్టను. ఈ ఊళ్ళో దీన్ని నమిలి మింగేస్తారు. ఆదివారం విమానానికి ఇద్దరం వెళ్ళిపోతాం."

నీమా వెనక్కి తిరగలేదు. కానీ నడక ఆగింది. విన్నదని అర్థమైంది. అసిస్టెంట్ రిజిస్ట్రార్ అధికారాల్లో తల్లి భయానికి పేరా లేదు.

మెట్రో స్తంభాల కింద కూరగాయల బండ్లు వరసగా ఉంటాయి. నేను ఉండే విద్యానగర్ నుంచి పనిగట్టుకుని వచ్చి మరీ లక్ష్మమ్మ బండి దగ్గరే కొంటాను. ఆమెతో ఓ పూట గొడవ పడకపోతే నాకు అన్నం సయించదు. మామా నీమా ఆ బండి చూసి ఆగింది. రాత్రికి తానే వండుతానని, కూరలు కొనుక్కు రమ్మని కూతుర్ని పంపింది. నేను ఒక అడుగు వేయబోతే మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు నోరు తెరవకు."

నీమా టమాటాలు, పాలకూర, అరటికాయలు తీసింది. లక్ష్మమ్మ వేళ్ళతో ధర చూపించింది. అది నాకు చెప్పే ధర కన్నా బాగా ఎక్కువ. నీమా వెంటనే సంచిలోంచి డబ్బు తీసి చాచింది. పక్కన మామా నీమా చిన్నగా మూలిగింది.

లక్ష్మమ్మ డబ్బు అందుకోలేదు.

"ఏందమ్మా, గట్లనే ఇస్తున్నవ్? అడగవా?"

నీమాకు అర్థం కాక ఇంకో నోటు తీసింది. లక్ష్మమ్మ నా వైపు తిరిగింది.

"ఓయమ్మో, ఇంకోటి తీస్తున్నది సూడు! సరోజక్కా, గాడ నిలబడి ఏం జూస్తున్నవ్? ఈ పిల్లకు చెప్పు. నేను చెప్పుడు చెప్తా, ఆమె అడుగుడు అడగాలె. అడగకుంటే నేనెట్ల తగ్గించాలె?"

"ఏమంటోంది?" అని మామా నీమా అడిగింది. బేరం ఆడకపోతే డబ్బు తీసుకోనంటోందని చెప్పాను. ఆమె నమ్మలేదు. ఎందుకట, అడుగు అంది.

అడిగాను. లక్ష్మమ్మ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"నేనేమన్న దేవతనా? నిన్న కారుల ఒకాయన వచ్చిండు, అడగకుండనే ఇచ్చిండు. సప్పుడు జేయక తీస్కున్న. గాయన మళ్ళ రాడు. ఈ పిల్ల హాస్టల్ పిల్ల లెక్కున్నది, రోజు వస్తది. ఇయ్యాల ముంచితే రేపు ఎవరో చెప్తరు. పక్క బండికి పోతది. నా గిరాకీ ఎందుకు పోగొట్టుకోవాలె?"

నేను మాట మాటకూ అనువదించాను. మామా నీమా నా మోచెయ్యి వదిలేసింది. హైదరాబాద్ వచ్చాక ముఖంలో మొదటిసారి కొట్టు యజమానురాలు కనిపించింది.

ఆ తర్వాత లక్ష్మమ్మ పాఠం మొదలుపెట్టింది. ఎంత చెప్పినా అందులో సగం అడగాలని చేత్తో గాలిని రెండుగా కోసి చూపించింది. నీమా సగం అడిగింది. లక్ష్మమ్మ నెత్తి కొట్టుకుని "అయ్యో, నా పిల్లలేం తినాలె!" అని అరిచింది. నీమా బెదిరిపోయి, చేతులు జోడించి, మొదటి ధరే ఇస్తానంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు.

"భయపడకు బిడ్డా, నేను గట్లనే ఒర్లుతా. నువ్వు నడువు. పో, పో." పొమ్మని చెయ్యి ఊపింది.

నీమా శ్రద్ధగల విద్యార్థిని. పొమ్మంటే పోయింది. ఒక మెట్రో స్తంభం దాటింది, రెండోది దాటింది.

"ఓ పిల్లా! గంత దూరం కాదే! ఇటు రా!"

ఆ పిలుపుకు సగం బజారు వెనక్కి తిరిగింది. నీమా పరుగున వచ్చింది. నవ్వుతోంది. రెండోసారి ఆట సరిగ్గా ఆడింది. లక్ష్మమ్మ ఒర్లినా బెదరలేదు, పైగా తానూ నెత్తి కొట్టుకుంది. నేను ఇచ్చే ధరకే కొనుక్కుంది. ఇన్నేళ్ళుగా నేను పోట్లాడి సాధించిన ధర అది. ఆ పిల్ల ఒక్క సాయంత్రంలో నా సరసకు వచ్చేసింది. కొంచెం కడుపు మండింది కూడా.

ఆ తర్వాత మామా నీమా స్వయంగా బండి ముందుకు వచ్చి ఒక వంకాయను తిప్పి చూసి పెదవి విరిచింది. లక్ష్మమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుంది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ బేరం ఎంతసేపు సాగిందంటే, పక్క బండివాళ్ళు అమ్మడం మానేసి చూశారు. ఎవరు గెలిచారో నేను చెప్పలేను. ఇద్దరూ గెలిచినట్టే ముఖాలు పెట్టారు.

తిరిగి వస్తుంటే మామా నీమా అంది, "నాకు దేవతలతో పని లేదు. రేపటి గిరాకీ గురించి ఆలోచించే మనుషులుంటే చాలు. వాళ్ళ మధ్య ఇది బతుకుతుంది." కొంత దూరం నడిచాక, "ఆదివారం నాకొక్కదానికే టికెట్ ఉంచుకుంటాను," అంది. నీమా అరటికాయల సంచితో సహా తల్లిని కావలించుకుంది.

మర్నాడు ఉదయం నా గదిలో అసలు సర్టిఫికెట్లు పరిశీలించి ప్రవేశం ఖాయం చేశాను. విదేశీయుల నమోదు కార్యాలయానికి వెళ్ళాల్సిన కాగితాలు సిద్ధం చేశాను. భాస్కర్ గారు సంతకం చేస్తూ పటాల గది తాళంచెవి నీమాకు ఇంకొకటి చేయించాలన్నారు. నీమా ఆ గదిలోనే రెండేళ్ళు గడిపి, మంచి తరగతిలో పాసై వెళ్ళింది.

ఆ సంఘటన నాకు నేర్పింది పనికి సంబంధించిన విషయమే. మేము తల్లిదండ్రులకు మా విశ్వవిద్యాలయంలో మేలైనవే చూపించేవాళ్ళం. మేలైనవాటి గురించి వాళ్ళకు అనుమానం లేదు. పిల్ల రోజూ ఎవరితో వ్యవహరించాలో ఆ మనుషులను చూడాలని వాళ్ళ కోరిక. నీమా చేరిన మరుసటి విద్యా సంవత్సరం నుంచి సందర్శన క్రమం మార్చి, ముందు తార్నాక బజారు, తరువాత గ్రంథాలయం అని ఆఫీసు నోట్ పెట్టాను. కారణం రాయమని డైరెక్టర్ ఫైలు తిప్పి పంపారు. "విద్యార్థులు గ్రంథాలయానికి అప్పుడప్పుడు వెళ్తారు, బజారుకు రోజూ వెళ్తారు కనుక" అని రాశాను. ఆమోదించారు.