తెర మీద వదిలేసిన చోటు

నా చిన్నప్పుడు సరూర్‌నగర్‌లో మా నాయనమ్మ అనుమానించని మనిషి లేడు. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన కాపురం మాది. పాలవాడు నవ్వుతూ పలకరించినా అందులో ఏదో ఎత్తుగడ ఉందనేది ఆవిడ.

ఆ ఏడు వినాయక చవితి పందిట్లో కాలనీవాళ్లు నాటకం తలపెట్టారు. రాణి వేషానికి పక్కింటి అక్క చాలా ఆశపడింది. అది మా చిన్నత్తకు దక్కింది. అక్కకు బొమ్మలు బాగా వచ్చని స్టేజీ వెనక తెర మీద కోట బొమ్మ వేసే పని అప్పగించారు. "ఇంకేముంది, కక్ష తీర్చుకుంటుంది చూడండి," అంది నాయనమ్మ. అత్తకు అదే మొదటి వేషం. నలుగురిలో నవ్వులపాలైతే మళ్లీ స్టేజీ ఎక్కనివ్వరని ఆమె బెంగ.

ఒకరోజు అక్క దారం పట్టుకొని వచ్చింది. "జర గోడకు ఆనుకొని నిలబడు," అని అత్తను మడమ నుంచి నడినెత్తి దాకా కొలిచి, దారానికి ముడేసుకొని పోయింది. ఎందుకో చెప్పలేదు.

"అమ్మో అమ్మో! పిల్ల ఎత్తు కొలిచి ముడేసిందే! ఇది చేతబడి చేయించడానికే!" అని నాయనమ్మ గుండెలు బాదుకుంది. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి, తెర ఎలా ఉందో చూసి రమ్మని నన్ను పంపింది.

దగ్గర నుంచి చూస్తే ఆ తెర అలుకుగుడ్డలా ఉంది. స్తంభాలన్నీ మరకలు. చుట్టూ ముదురు రంగులు, నడిమధ్య కమానులో మాత్రం లేత పసుపు పూత తప్ప ఏమీ లేదు. అడిగితే అక్క, "గక్కడ ఏం ఎయ్యొద్దు. నాటకం రోజు చూడు," అంది. ఇంటికొచ్చి చెప్పగానే అత్త ఏడుపు లంకించుకుంది.

నాటకం రోజు అక్క నా చెయ్యి పట్టుకొని కుర్చీల చివరి వరుసకు లాక్కుపోయింది. అక్కణ్నుంచి ఆ మరకలే రాతి స్తంభాలయ్యాయి. అత్త వచ్చి ఆ లేత పసుపు ముందు నిలబడింది. కమాను సరిగ్గా ఆమె తలకు జానెడు పైన వంగింది. పందిరంతా అత్తనే చూసింది, అబ్బ, ఎంత బాగుందో!

"తెర మస్తుగుంటే మనిషిని ఎవరు చూస్తరు? మనిషి చోటు మనిషికి ఇడిసిపెట్టాలె," అంది అక్క. అని, నా చెయ్యి వదిలి కళ్లు తుడుచుకొని, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది.

నాయనమ్మ మాత్రం, "ముందా దారం తెచ్చి పొయ్యిలో వెయ్యండి," అంది.

ఇప్పుడు ఎల్బీ నగర్‌లో ఉంటున్నాను. నాయనమ్మ బుద్ధి నాకూ కొంత వచ్చింది. ఎవరేం చేసినా ఇందులో ఏదో ఉందని ముందు అనిపిస్తుంది. అప్పుడు మనసులోనే లేచి ఆ చివరి వరుసకు వెళ్లి కూర్చుంటాను. తాను కోరుకున్న చోటును ఇంకొకరి కోసం కొలిచి మరీ వదిలిన అక్క, పక్కన చప్పట్లు కొడుతూనే ఉంటుంది.