అరువు పేరు

జమ్మలమడుగులో పరుపులు కుట్టే పక్కీరప్పకు, లోకమంతా తన మూత్రం మీదే కన్నేసిందని అనుమానం. ఏడాదిగా మాటిమాటికీ కుట్టుపని వదిలి లేవాల్సి వస్తోంది. తీరా పోతే చుక్కలు తప్ప రావు. ఎదురంగడి టీ మాస్టరు తనను గమనిస్తున్నాడనీ, మొగతనం పోయిందని ఊరంతా గుసగుసలాడుతోందనీ లోపల్లోపలే ఉడికిపోయేవాడు.

ఊళ్లో డాక్టరు దగ్గర చూపించుకుందామంటే అక్కడి కాంపౌండరు తన భార్య తరఫు మనిషి. ప్రొద్దుటూరు పోదామంటే బట్టలకనీ బంగారానికనీ ఊరు ఊరంతా అక్కడే తిరుగుతుంటుంది. అందుకే పులివెందుల బస్సెక్కాడు. అక్కడి ఆస్పత్రిలో మాత్రం సొంత పేరు చెబుతాడా? అక్క మొగుడు హుసేనప్ప పేరు రాయించి, తువ్వాలు ముఖానికి చుట్టుకుని గోడవారగా కూర్చున్నాడు.

మూలన మంకీ టోపీ పెట్టుకున్న మనిషి అదేపనిగా తనవైపే చూస్తున్నాడు. వీడెవడో ఊళ్లో టముకు వేసే రకమే అనుకున్నాడు.

"పక్కీరప్ప ఎవరు?" అని నర్సు పిలిచింది.

తను రాయించింది బావ పేరైతే, తన పేరెలా పిలుస్తున్నారో పక్కీరప్పకు అంతుపట్టలేదు. లేవాలా వద్దా అనుకునేలోపే టోపీ మనిషి లేచి లోపలికి పోయాడు. ఆ కాలీడ్చే నడక బావ హుసేనప్పదే.

కాసేపటికి బావ బయటికొచ్చి పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ ముఖాలు చూసుకోలేదు.

"ఏం భయం లేదప్పా," అన్నాడు బావ చిన్నగా. "వయసైతే లోపల గ్రంథి ఉబ్బుతాదంట. శానామందికి ఉండేదేనంట. దాంతో మొగతనమేం పోదంట. నీకు మాత్రలు రాసిచ్చినాడు."

"హుసేనప్ప ఎవరు?" నర్సు మళ్లీ పిలిచింది.

"పో," అన్నాడు బావ. "పోయి నాకేమొచ్చిందో కనుక్కోని రా."