రెండు దెబ్బలు, ఆగి ఒకటి

దయ్యాలున్నాయా మాస్టారూ అని విద్యార్థులు అడిగినప్పుడల్లా, కొలవడానికి వీల్లేని దాని గురించి నేను మాట్లాడనని చెబుతూ వచ్చాను. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. మా కుటుంబంలో నాకు ముందు డిగ్రీ చదివినవారు లేరు. ఆధారం లేనిదే దేన్నీ ఒప్పుకోకూడదన్నది చదువు నాకిచ్చిన మొదటి ఆస్తి. అందుకే జరిగినదాన్ని జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

మాది కొల్లేటిలో ఒక లంక గ్రామం. నాన్న ఒకప్పుడు తాటిదోనె మీద చేపలు పట్టేవారు. ఇప్పుడు ఒక చేపల చెరువు దగ్గర మోటార్లు చూసుకుంటున్నారు.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. చలికాలం తెల్లవారుజామున సరస్సు మీద పొగమంచు కమ్మితే, దోనెలో ఉన్నవారికి చేతిలోని, దోనె నెట్టే గెడ కొన కూడా కనిపించదు. అప్పుడు ఇంటివాళ్ళు ఒడ్డున నిలబడి, చెక్క మీద కర్రతో కొట్టేవారు. ప్రతి ఇంటికీ ఒక లెక్క ఉండేది. మాది రెండు దెబ్బలు, ఆగి ఒకటి. దోనెలోని మనిషి అదే లెక్క తిరిగి కొట్టి, ఆ చప్పుడు వైపు గెడ వేసుకుంటూ వచ్చేవాడు. చిన్నప్పుడు నాన్న కోసం నేనూ చాలాసార్లు కొట్టాను.

నాన్న ఇంకొక మాట కూడా చెప్పేవారు. "రెండు వైపుల నుంచి మన లెక్క వినపడితే ఏ వైపుకీ వెళ్ళకు. గెడ పాతి కూర్చో." ఎందుకని నేను అడగలేదు.

ఇక కొండల సంగతి. మా స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు నన్ను తరచుగా ఆటపట్టించేవారు. "కొల్లేటోళ్ళకి మేడమెట్లెక్కితేనే ఆయాసం కదండీ మాస్టారూ" అనేవారు. ఆ మాట పట్టుకునే, కిందటి డిసెంబరులో ఒక శనివారం, కామవరపుకోట అవతల వరుసగా ఉన్న మూడు కొండలూ ఒంటరిగా ఎక్కి, రాత్రి పైనే గడిపి రావాలని బయలుదేరాను. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు, కళాశాలలో ప్రాక్టికల్స్ ఉన్నాయని, ఆ వారం రాలేనని ఫోనులో చెప్పాను. నేనెక్కడికి వెళ్ళానో తెలిసినవారు ఎవరూ లేరు. ఆ అబద్ధం ఎంత ప్రమాదకరమో అప్పుడు తోచలేదు.

వీపు సంచిలో చిన్న గుడారం, నీళ్ళు, టార్చి, స్టీలు బాక్సులో పులిహోర పెట్టుకున్నాను. చేతిలో ఒక కర్ర ఉంది. మొదటి కొండ కింద మేకలు కాస్తున్న పెద్దాయన ఆపారు.

"ఏవండీ, ఒక్కరేనా? పైన ఏముందండీ, మా మేకలు వదిలేసిన ముళ్ళు తప్ప."

మూడు కొండలూ ఎక్కుతానని చెప్పాను. ఆయన నా బూట్ల వైపు ఒకసారి చూశారు.

"మూడోదానికి మాత్రం బాగా ఎండెక్కాక వెళ్ళండి. దానికి ఒక పక్క కొండే లేదండి."

అది హాస్యం అనుకుని నవ్వి ముందుకు సాగాను.

సాయంత్రానికి రెండో కొండ మీద గుడారం వేసుకున్నాను. రాత్రి ఏమీ జరగలేదు. బాగా నిద్రపట్టింది కూడా. భయంతో ఏదో ఊహించుకున్నానని ఎవరూ అనుకోకూడదని ఈ సంగతి రాస్తున్నాను.

మూడో కొండ మీద సూర్యోదయం చూడాలన్న ఆశతో ఐదు గంటలకే బయలుదేరాను. రెండు కొండల మధ్య పల్లం దాటి పైకి ఎక్కుతుండగా మంచు దిగింది. టార్చి వెలుగు తెల్లని గోడకు తగిలినట్టు నా మీదికే తిరిగి వచ్చింది. కాలిబాట పోయింది. నిలబడి ఫోను చూశాను. ఐదూ నలభై. సిగ్నల్ లేదు.

అప్పుడు వినిపించింది. చెక్క మీద కర్రతో కొట్టిన చప్పుడు, నా ఎదురుగా, కొంచెం పైనుంచి. రెండు దెబ్బలు, ఆగి ఒకటి.

నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు. ఊరట కలిగింది. ఆ చప్పుడు వింటే అటు వెళ్ళడం మాకు చిన్ననాటి నుంచి అలవాటైన పని. పన్నెండు అడుగులు వేశాను. ఆ తర్వాత, చేయవలసిన పనే కదా అన్నట్టు, కర్రతో స్టీలు బాక్సు మీద మా లెక్క తిరిగి కొట్టాను.

జవాబు నా వెనుక నుంచి వచ్చింది. అదే లెక్క. కాస్త నిదానంగా.

వెంటనే ముందు నుంచి మళ్ళీ. ఈసారి దగ్గరగా, తొందరగా.

నాన్న చెప్పిన మాట గుర్తొచ్చింది. కర్రను రాళ్ళ సందులో పాతి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఆధారం కావాలి అన్న ఆలోచన అప్పటికీ ఉంది. ఫోనులో రికార్డింగు పెట్టాను. పదకొండు నిమిషాలు. మధ్యలో నాలుగుసార్లు బాక్సు మీద కొట్టాను. నాలుగుసార్లూ ముందు నుంచీ వెనుక నుంచీ జవాబు వచ్చింది. ఆ తర్వాత రెండూ ఆగిపోయాయి. నేను కదలలేదు.

ఏడు దాటాక మంచు విడిపోయింది. పాతిన కర్రకు నాలుగు అడుగుల అవతల నేల లేదు. ఎప్పుడో వదిలేసిన రాతి క్వారీ కొండను నిలువునా కోసేసింది. అడుగున పచ్చటి నీళ్ళు. మొదటి పిలుపు వచ్చిన వైపు నిలబడడానికి చోటే లేదు, ఖాళీ గాలి తప్ప. వెనుక నేను వచ్చిన వాలు, అందులో నా బూట్ల గుర్తులు మాత్రమే ఉన్నాయి.

వడ్రంగి పిట్ట అనుకుందామంటే, అది నా లెక్క కొట్టదు. ప్రతిధ్వని అనుకుందామంటే, నేను కొట్టకముందే మొదటి పిలుపు వచ్చింది. మేకల మెడలో చెక్కగంట అనుకుందామంటే, దిగివచ్చేటప్పటికి ఆ పెద్దాయన మంద ఇంకా దొడ్డిలోనే ఉంది.

రికార్డింగులో గాలి, నా ఊపిరి, నాలుగుసార్లు నా బాక్సు చప్పుడు ఉన్నాయి. ఇంకేమీ లేదు. కంప్యూటరులో పెట్టి చూసినా ఆ ఖాళీల్లో ఏ చప్పుడూ లేదు.

మరుసటి ఆదివారం ఊరికి వెళ్ళి అబద్ధం ఒప్పుకున్నాను. "ప్రాక్టికల్సంటే కొండలెక్కడమా నాయనా" అని అమ్మ కంచం గట్టిగా పెట్టింది. మంచులో దారి తప్పానని, మన లెక్క విన్నట్టు అనిపించిందని మాత్రమే నాన్నకు చెప్పి, ఫోను ఆయన చేతికిచ్చాను.

నాన్న కళ్ళు మూసుకుని విన్నారు. నా మొదటి చప్పుడు తర్వాత, నాకు నిశ్శబ్దం తప్ప ఏమీ వినిపించని చోట, ఆయన చూపుడువేలు మంచం పట్టె మీద కదిలింది. రెండు, ఆగి ఒకటి. వెంటనే మళ్ళీ అదే, కాస్త నిదానంగా. నాలుగుసార్లూ అలాగే.

ఫోను తిరిగిచ్చి అడిగారు.

"ముందు నుంచి పిలిచినదాని వైపు ఎన్ని అడుగులేశావురా?"

ముందు నుంచని గానీ, నడిచానని గానీ నేను చెప్పలేదు.

"పన్నెండు."

వెనుక నుంచి పిలిచింది ఎవరని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపారు. చివరికి, "ఆ లెక్క ఇంక వద్దురా. బయటివాళ్ళకి తెలిసిపోయింది" అన్నారు. ఆ సాయంత్రమే నన్నూ అమ్మనూ కూర్చోబెట్టి మా ఇంటికి కొత్త లెక్క నేర్పారు.

మా ఇంట్లో ఇప్పుడు నీటి మీదికి వెళ్ళేవారు ఎవరూ లేరు. అయినా మంచు పడిన రోజున నాన్న గట్టు మీదికి వెళ్ళి ఒకసారి కొట్టి వస్తున్నారని అమ్మ ఫోనులో చెబుతుంది. ఆ తెల్లవారుజామున ఏం జరిగిందో నేటికీ వివరించలేను. దయ్యాలున్నాయా అని పిల్లలు అడిగితే, పాఠ్యపుస్తకం తెరవమంటున్నాను.

జరిగినదంతా దాచకుండా రాశాను. కొత్త లెక్క ఏమిటో మాత్రం ఇక్కడ రాయను.