పున్నమికి పెట్టిన వేట ముహూర్తం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. కరోనా తగ్గి విమానాలు మళ్ళీ నిండుగా ఎగురుతున్న కాలం. కాకినాడ నుంచి దుబాయ్ వచ్చి అల్ కుసైస్‌లో ఓ చిన్న ట్రావెల్ ఆఫీసులో చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. టై కట్టుకోవడం తప్ప పనేమీ పట్టుబడలేదు (ఆ టై కూడా పక్క సీటాయన ముడివేసి ఇచ్చిందే).

మా ఆఫీసుకు ఏళ్ల తరబడి వస్తున్న అరబ్బు పెద్దాయన ఒకరుండేవారు. అందరం బాబా అనేవాళ్ళం. ఏటా అనుమతులు తీసుకుని ఆఫ్రికాకు అడవిదున్నల వేటకు వెళ్ళడం ఆయన సరదా. ఆ ఏడాది ఆయన ప్రయాణం ఏర్పాట్లు నాకప్పగించారు. బాబా వచ్చి, "చాంద్ దేఖ్‌కే తారీఖ్ డాలో" అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయారు. చంద్రుణ్ణి చూసి తేదీ వెయ్యమంటే నాకు ముహూర్తం తప్ప ఇంకేం తోస్తుంది? ముచ్చటపడి అమ్మకు ఫోన్ చేశాను. "ఎవరి ప్రయాణమైతేనేంరా, అమావాస్య దగ్గర పెట్టకు. పౌర్ణమి నాటికి అక్కడుండేలా చూడు" అంది. అలాగే వేశాను.

టికెట్లు బాబా ఇంట్లో ఇచ్చి రావలసిన మా డ్రైవరన్న వాటిని చూసి ఆగిపోయాడు. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. "తమ్మీ, పున్నమికి పెట్టినవేంది? ఎన్నెలల జంతువులు రాత్రంత మేస్తయి, పొద్దుగాల పొదలల్ల జొర్రి పండుకుంటయి. మా ఊర్ల అడివిపందులు గంతే. అమాస సుట్టు పెట్టు" అన్నాడు.

"ఆఫ్రికా దున్నలకీ మీ ఊరి పందులకీ పోలికేంటన్నా?" అన్నాను, ఎంబీయే చదివిన గొంతుతో. ఆయన నవ్వి, "సరే తీ, యల్లా, పోతున్న" అంటూ వెళ్ళిపోయాడు.

పది రోజులకు బాబా తిరిగొచ్చారు. మా మేనేజరు ముదీర్ గదిలోకి నన్ను పిలిచారు. టై సరిచేసుకుని వెళ్ళాను. తేదీ ఎవరు వేశారని బాబా అడిగారు. నేనేనని, మా వైపు అమావాస్యకు బయలుదేరరని, డ్రైవరన్న వద్దన్నా వినలేదని, నాకొచ్చిన హిందీలో చెప్పుకున్నాను. ముదీర్ నా వైపు చూసి "ఖలాస్" అన్నాడు. బాబా చేత్తో వారించి, ఫోన్ తీసి ఫొటోలు చూపించారు. అన్నీ చంద్రుడివే. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిచినా ఒక్క దున్న కొమ్మయినా కనబడలేదట. చీకటి పడ్డాక చంద్రుడు తప్ప తీయడానికింకేమీ లేదట. చెబుతూ చెబుతూ ఆయనే ముందు నవ్వారు. "పెళ్ళి తేదీలైతే నిన్నే అడుగుతా. వేట తేదీలు మీ డ్రైవర్‌ని అడుగుతా" అన్నారు హిందీలో. ఉద్యోగం నిలిచింది.

బయటికొచ్చి డ్రైవరన్నకు క్షమాపణ చెప్పబోతే, "ఇడ్వు తమ్మీ, చాయ్ తాగుదాం పా" అన్నాడు. ఆ మర్నాటి నుంచి ఆయనేదైనా చెబితే కుర్చీలోంచి లేచి వినేవాణ్ణి. ఇప్పుడదే ఆఫీసులో నా మాటకూ కాస్త విలువుంది. అయినా అప్పుడప్పుడు అప్పటి నాలోని ఆ టై కుర్రాడు గుర్తొస్తాడు. కోపం రాదు. అంత తెలివైనవాణ్ణి మళ్ళీ ఎప్పుడూ కాలేకపోయానే అనిపించి, నాలో నేనే నవ్వుకుంటాను.