కళ్ళు మూయని హన్మండ్లు

ప్రార్థన చేసేటప్పుడు హన్మండ్లు కళ్ళు మూయడు. ఈ సంగతి అతని భార్య సత్తవ్వకు ఎట్లా తెలిసిందంటే, మూసుకుని ఉండాల్సిన తన కళ్ళు ఒకసారి తెరిచింది కాబట్టి. సిరిసిల్లలో వాళ్ళ వాడ చివర రేకుల మందిరం ఉంది. ఒక ఆదివారం అందరూ తలలు వంచి ఉండగా సత్తవ్వ మెడ మీద చీమ పాకింది. చటుక్కున కళ్ళు తెరిస్తే, మగవాళ్ళ వరుసలో కూర్చున్న పెనిమిటి రెప్ప వాల్చకుండా ఇటే చూస్తున్నాడు. పట్టుబడ్డవాడిలా మొహం తిప్పుకున్నాడు.

ఇంకేముంది, సత్తవ్వకు అన్నం సహించలేదు. ఆమె తీరే అంత. అర్థం కాని విషయం ఒకటి ఇంట్లో ఉందంటే దాని అంతు తేలేదాకా ఊరుకోదు. అడిగితే హన్మండ్లు, “గట్లనే అలవాటైంది తియ్యి” అని తప్పించుకునేవాడు. భక్తి తగ్గిందేమోనని ఆమెకు లోపల భయం పట్టుకుంది.

పెళ్ళినాటి నుంచీ అతను సాంచాలు నడిపాడు. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. ఆ షెడ్డులో గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. ఈ మూలన ఒకడు పెదాలు కదిలించి చాయ్ తాగుదామా అంటే, ఆ మూలనున్నవాడు చూసి బయల్దేరతాడు. ఆ మోతే చివరికి హన్మండ్లు చెవులను తినేసింది. జగిత్యాలలో చూపిస్తే నరం పోయిందన్నారు. చెవిలో పెట్టుకునే మిషన్ కొంటే, మళ్ళీ షెడ్డులో నిలబడ్డట్టే ఉందని తీసి గూట్లో పెట్టాడు.

అప్పటి నుంచి సత్తవ్వకు ఒకటే ప్రార్థన, పెనిమిటికి చెవులు మళ్ళీ రావాలని. అందులో కొంచెం స్వార్థం కూడా ఉంది. ఆమె పాట బాగా పాడుతుంది. హన్మండ్లు మొదట మందిరం దాకా వచ్చింది వాక్యం కోసం కాదు, కిటికీ బయట నిలబడి ఆ పాట వినడానికే. ఇప్పుడు అదే మనిషి ముందు కూర్చుని కూడా వినలేడు. అతను మళ్ళీ ఒక్క పాట వింటే చాలని ఆమె ఉపవాసాలుంది, కోరుట్ల స్వస్థత కూటాలకు పోయింది, ప్రార్థన చేసిన నూనె తెచ్చి చెవుల్లో పోసింది. ఏం లాభం లేదు.

ఆ మందిరంలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. ప్రార్థనకు జవాబు వచ్చినవాళ్ళే లేచి చెప్పాలి. సత్తవ్వతో పాటు సాంచాలకు నూలు కండెలు చుట్టే శోభకు నడుంనొప్పి వారంలోనే తగ్గింది, లేచి చెప్పింది. సత్తవ్వ చప్పట్లు కొట్టింది గానీ కడుపు మండిపోయింది. నేరుగా పాస్టర్ రాజ్‌కుమార్ దగ్గరికి పోయింది.

“అయ్యగారూ, శోభ నడుము కనబడ్డ దేవునికి మా ఇంటాయన చెవులు కనబడ్తలేవా?”

“నాకు తెల్వదమ్మా. నేను గూడ అడుగుతనే ఉన్న” అన్నాడాయన.

ఆ తర్వాతి ఆదివారం ఆమెకు ఓపిక అయిపోయింది. తల వంచి, చప్పుడు బయటికి రాకుండా, పెదాలతోనే దేవుడితో తెగతెంపులు చేసుకుంది. “గిదే ఆఖరు ప్రభువా. అడిగి అడిగి నోరు నొస్తున్నది. నువ్వు వింటలేవని సమజైంది. ఇగ అడుగ.”

సాక్ష్యాల సమయం వచ్చింది. ఎన్నడూ లేవని హన్మండ్లు లేచాడు. మందిరమంతా కదిలింది. చెవులు వచ్చేశాయనుకుని శోభ అప్పుడే “స్తోత్రం!” అనేసింది.

“నా చెవులు రాలే” అన్నాడు హన్మండ్లు. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు కదా, రేకులు అదిరాయి. “సాంచెల కాడ పెదవులు సూసి మాట్లాడినోన్ని. గీమె ప్రార్థన చేస్తుంటే నేను కండ్లు మూయ, పెదవులే సూస్త. ఇన్నేండ్ల సంది నాకోసం ఏమేం అడిగిందో అంత ఎరుకే. శోభ మీద కండ్లల్ల నిప్పులు పోసుకున్నది గూడ ఎరుకే.”

శోభతో సహా అందరూ నవ్వారు. సత్తవ్వ సిగ్గుతో కుంగిపోయింది.

“గియ్యాల ఇగ అడుగనన్నది. దేవుడు వింటలేడన్నది.” అతను సత్తవ్వ వైపు తిరిగాడు. “చెవుల్లేని నేనే ఒక్క మాట ఇడువలే. చెవులు జేసినోడు ఇడుస్తడా?”

కూర్చున్నాడు. పాస్టర్ కళ్ళు తుడుచుకుని, దాని మీద ప్రసంగమేమీ చేయకుండా పాట ఎత్తుకున్నాడు.

ఇంటికి పోతూ సత్తవ్వ అతన్ని ఆపి, మొహంలో మొహం పెట్టి అడిగింది. “నిన్ను మొండిఘటమని దేవునికి చెప్పిన. గది గూడ సూసినవా?”

“సూసిన. రెండుమాట్ల” అని నవ్వాడు.

పై ఆదివారం ప్రార్థన మొదలవగానే ఆమె కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. దేవుడికీ తనకూ మధ్య ఎన్ని ఉంటాయి, అన్నీ ఈయనకెందుకు? కాసేపు అట్లాగే కూర్చుంది. ఇన్నేళ్ళూ తన పాట అందని మనిషికి ఈ పెదాల మాట ఒక్కటే అందిందని తోచి ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. కొంగు తీసేసింది. మగవాళ్ళ వైపు కొద్దిగా తిరిగి కళ్ళు మూసుకుంది. అతనికి బాగా కనపడేట్టు, పెదాలు నిదానంగా కదిలిస్తూ మొదలుపెట్టింది.

“ప్రభువా, మల్ల నేనే.”