చాలంటే ఆగని గుర్రం

గుర్రం మీంచి పడ్డవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. ఫైబర్ గుర్రం మీంచి, అదీ నా చేత్తో నేనే బిగించిన గుర్రం మీంచి, యజమాని కుటుంబమంతా చూస్తుండగా ఎగిరిపడ్డ ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఎలా పడ్డానో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వండి.

మాది రాయచోటి దగ్గర పల్లె. దోహాలో, అల్ హిలాల్‌లోని ఒక విల్లాలో హౌస్ డ్రైవర్‌ని. యజమానిని మేం బాబా అంటాం. మనవళ్ల కోసం పెరట్లోనే పార్కు పెట్టాలని ఆయనకు ముచ్చట పుట్టింది. మూతపడిన పార్కు నుంచి ఆరు గుర్రాల పాత రంగులరాట్నం కొనుక్కొచ్చాడు. బేరింగులు తుప్పు, మోటారు బూడిద. ఒక గుర్రానికి తోకే లేదు.

"ఇంతా మాలూమ్?" అన్నాడు నాతో. నీకీ పని తెలుసా అని.

తెలియదని చెప్పొచ్చు కదయ్యా అంటారు మీరు. నా కూతురు పుట్టి పది నెలలైంది, ఫోన్లో తప్ప చూసింది లేదు. సెలవుకు ఇంకా ఏడాది ఉంది.

"ఐవా బాబా, అవును, నేను పెద్ద మెకానిక్‌ని. ఇది తిరిగితే రెండు నెలలు ఇంటికి పంపుతావా?"

"తిరిగితే పంపుతా."

పానా లేదు, పని రాదు, పేరు మెకానిక్కు. అంతవరకు నేను బాగుచేసింది మా చేలో బోరు మోటారొక్కటే, అదీ మా మామ పక్కన నిలబడి తిడుతుంటే.

నెల రోజులు డ్యూటీ అయ్యాక తోమాను, గ్రీజు పూశాను, రంగులేశాను. పాత సామాన్ల కొట్టువాడు చిన్న మోటారు చాలన్నా వినకుండా రెండింతలది తెచ్చాను. పెద్దదైతే మంచిదే కదా అని నా తెలివి. తోకలేని గుర్రానికి నేల తుడిచే మాపు కట్టాను.

శుక్రవారం సాయంత్రం అందరూ కుర్చీలేసుకుని కూర్చున్నారు. పిల్లలు ఎక్కబోతే బాబా ఆపాడు. "ముందు నువ్వెక్కు," అన్నాడు. స్పీడు తిప్పే నాబ్ దగ్గర బీహారు తోటమాలి మిశ్రీలాల్‌ని నిలబెట్టి, మాపు తోక గుర్రం వెనక గుర్రమెక్కాను.

మొదటి చుట్టులో పిల్లలకు చెయ్యి ఊపాను. మూడో చుట్టుకి మాపు లేచి నా మొహాన కొట్టింది. వచ్చిన అరబ్బీ, నేర్చిన హిందీ రెండూ నన్ను వదిలి పారిపోయాయి, రాయచోటి ఒక్కటే మిగిలింది.

"చాలు, చాలు!"

"చాలూ హై భాయ్," అన్నాడు మిశ్రీలాల్. నడుస్తూనే ఉందిగా అని.

"చాలప్పా, నీకు దండం పెడతా, చాలు!"

"ఔర్ చాలూ? ఠీక్ హై," అని నాబ్ ఇంకో మెట్టు తిప్పాడు.

మన భాషలో చాలంటే ఆపమని, వాళ్ల భాషలో నడపమని. ఆ ముక్క నాకు తెలియక కాదు, రోజూ "ఏసీ చాలూ కరో" అనేవాణ్ణే. ఇక మిగతాది గుర్రమే చూసుకుంది. నేను వెళ్లి మిశ్రీలాల్ మొక్కలకని పోసుకున్న ఎరువు కుప్పలో దిగాను.

పిల్లలు చప్పట్లు కొట్టి మళ్లీ చెయ్యమన్నారు. ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. సెలవు పోయింది, పాప ముఖం ఇంకో ఏడాది ఫోన్లోనే అనుకుంటే కళ్లనీళ్లు తిరిగాయి.

"బాబా, తిరిగింది కదా," అన్నాను ఎరువులోంచే.

"ముఖ్ మాఫీ," బుర్ర లేదు నీకు, అని ఆయన తలగుడ్డ జారేలా నవ్వాడు. తర్వాత నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, తనే కారు నడిపి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారిలో నవ్వు ఆపుకుని అన్నాడు: "రేపే టికెట్ తీస్తా. అసలు మెకానిక్‌ని పిలుస్తున్నా. అతని పని అయ్యేదాకా నువ్వు ఈ దేశంలో ఉండకూడదు."

కట్టు కట్టిన చేత్తోనే ఊళ్లో దిగాను. కుడిచేత్తో పాపను మొదటిసారి ఎత్తుకున్నాను. ఆ పెద్దాయనను దేవుడు చల్లగా చూడాలి, మిశ్రీలాల్‌ని కూడా. ఆ రోజే పాప తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: స్విచ్చు దగ్గర హిందీవాడుంటే, ప్రాణం పోతున్నా సరే, తెలుగులో భయపడను.